జామీను మీద బయటికొచ్చినవాడు పారిపోతే రివాల్వర్ పెట్టుకుని వెళ్లి పట్టుకురావచ్చా? కొంటే ఏది కొనాలి?

టెక్కలి జవాన్

అందరికీ నమస్కారం. ఆర్మీలో రిటైరై టెక్కలి దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నాను. మా పిన్ని కొడుకు మీద కొట్లాట కేసు ఉంటే పాసుపుస్తకం చూపించి నేనే షూరిటీ ఉన్నాను. మొదట్లో వాయిదాలకి బాగానే వచ్చాడు, తర్వాత ఫోన్ స్విచాఫ్. ఇప్పుడు వాడి మీద నాన్‌బెయిలబుల్ వారెంట్ ఉంది, నాకేమో బాండు డబ్బు ఎందుకు కట్టవో చెప్పమని కోర్టు నోటీసు వచ్చింది. మనిషి పర్లాకిమిడిలో మావగారింటి దగ్గర ఉన్నాడని తెలిసింది, వాడితో తిరిగేవాళ్లు మాత్రం మంచోళ్లు కారు.

ఆత్మరక్షణకని పెట్టుకున్న లైసెన్స్ ఈమధ్యే చేతికొచ్చింది, ఆయుధం ఇంకా కొనలేదు. టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది చెప్పడం, అక్కడ బెయిల్ మీద పారిపోయినవాళ్లని పట్టుకురావడమే ఒక ఉద్యోగమట, నడుముకి పిస్టల్ పెట్టుకునే వెళతారట. ఇక్కడ ఒక లోన్ రికవరీ ఆయన కూడా "గన్ను ఉంటే మాతో రా, నెలకింతని ఇస్తాం" అంటున్నాడు. రివాల్వర్ మంచిదా పిస్టల్ మంచిదా, బైక్ మీద ఎలా పెట్టుకోవాలి, దాంతో వెళ్లి మావాణ్ని తీసుకొస్తే తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

నరసన్నపేట ప్లీడరు

మూడో ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలితే మిగతా రెండూ అంత అర్జెంటు కావు. మన దేశంలో ఆ ఉద్యోగం లేదు. షూరిటీ అంటే మనిషిని కోర్టులో హాజరుపరుస్తానని, లేకపోతే ఇంత డబ్బు కడతానని రాసివ్వడం, అంతే. ఆ కాగితం మీకు పోలీసు అధికారం ఇవ్వదు. మామూలు మనిషి ఇంకొకరిని అరెస్టు చేయగలిగేది బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ కింద మాత్రమే. కళ్లెదుట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ (పోలీసులు వారెంట్ లేకుండానే పట్టుకోగల) నేరం జరుగుతుండాలి, లేదా ఆ మనిషిని కోర్టు ప్రకటిత నేరస్తుడిగా ప్రకటించి ఉండాలి. అప్పుడు కూడా ఆలస్యం లేకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల లోపు, పోలీసులకి అప్పగించాలి. వారెంట్ ఉన్నంత మాత్రాన మీ తమ్ముడు ప్రకటిత నేరస్తుడు అయిపోడు. మీరు వెళ్లి జబర్దస్తీగా బండెక్కిస్తే అక్రమ నిర్బంధం కేసు, కిడ్నాప్ అని కూడా రాస్తారు, చేతిలో తుపాకీ ఉంటే బెదిరింపు, ఆయుధాల చట్టం దాని మీద అదనం. కేసు వాడిది, జైలు మీది.

చేయాల్సింది ఇది. వాడు ఎక్కడున్నాడో తెలిసిన వివరాలు, మావగారి వీధితో సహా, రాతపూర్వకంగా కోర్టుకీ స్టేషన్‌కీ ఇవ్వండి. వారెంట్ దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, మన పోలీసులు ఒడిశా పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళతారు. షూరిటీగా తప్పుకోవాలంటే అదే చట్టం 489వ సెక్షన్ కింద ఎప్పుడైనా పిటిషన్ వేయొచ్చు, అప్పుడు మేజిస్ట్రేట్ వాణ్ని తీసుకురమ్మని వారెంట్ ఇస్తారు, వాడు వచ్చాక మీ బాండు రద్దవుతుంది. అయితే మీకు నోటీసు ఇప్పటికే వచ్చింది కాబట్టి దానికి విడిగా సమాధానం చెప్పాలి, 489 పిటిషన్‌తో అది పోదు. కోర్టు కారణాలు రాసి ఆ మొత్తంలో కొంత తగ్గించడానికి 491 వీలిస్తుంది, మీరు నిజంగా ప్రయత్నించారని చూపించే కాగితాలు అక్కడే పనికొస్తాయి. డబ్బు కట్టకుండా, జప్తుకి కూడా ఏమీ దొరక్కుండా ఉంటే ఆరు నెలల దాకా సివిల్ జైలు ఉంది, కాబట్టి నోటీసుని దేవుడి పటం వెనక పెట్టి ఊరుకోవద్దు.

క్యాష్ వ్యాన్ హవల్దార్

బావూ, ప్లీడరు గారు చెప్పింది విను. నేను విజయనగరంలో క్యాష్ వ్యాన్‌కి గన్‌మన్‌గా చేస్తున్నాను, కొనే సంగతి నేను చెబుతాను. లైసెన్స్ మీద నాన్ ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు జనానికి నిషేధం లేని గొట్టం సైజు) అని ఉంటుంది, అంటే నువ్వు సర్వీసులో వాడిన 9 ఎంఎం ఇక్కడ నీకు రాదు. చిన్న ఆయుధంలో మామూలుగా అందరూ తీసుకునేది .32. కాన్పూర్ ఫ్యాక్టరీ రివాల్వర్లు ఉన్నాయి, 2014లో వచ్చిన నిర్భీక్ అయితే అర కిలో చిల్లర బరువే. అదే బోరులో పిస్టల్ కూడా దొరుకుతుంది.

నా ఓటు రివాల్వర్‌కే. పిస్టల్‌లో మ్యాగజైన్ తీసేసి ఖాళీ అయిందనుకుంటారు, ఛాంబర్‌లో ఒక తూటా మిగిలిపోతుంది, ఇళ్లలో ప్రమాదాలు జరిగేది ఎక్కువగా అక్కడే. రివాల్వర్ సిలిండర్ తెరిస్తే ఆరు గదులూ కంటికి కనిపిస్తాయి. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే, స్లైడ్ లాగక్కర్లేదు. ట్రిగ్గర్ కాస్త బరువుగా ఉంటుంది, నిజమే, నాకైతే అది కూడా మంచిదే అనిపిస్తుంది. షాపులో చూడకుండా ఆర్డర్ ఇవ్వొద్దు, నీ అరచేతికి పిడి సరిపోయిందా, వేలు ట్రిగ్గర్‌కి సరిగ్గా అందుతుందా చూసుకో, మెరుగు చూసి మోసపోకు.

పెట్టుకోవడం గురించి. లుంగీలో దోపడం, ప్యాంటు నడుముకి గుచ్చడం, బైక్ ట్యాంక్ కవర్లో పడేయడం, ఇవన్నీ సినిమాల్లో. ఆయుధాల రూల్స్ 2016 ప్రకారం బయట పిస్టల్‌గానీ రివాల్వర్‌గానీ హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో కప్పి ఉండాలి, నీ అదుపులో ఉండాలి. ట్రిగ్గర్ గార్డు మొత్తం మూసుకుపోయే హోల్‌స్టర్, పైన పట్టీ ఉన్నది తీసుకో, మన పలాస రోడ్డు గతుకుల్లో పట్టీ లేని హోల్‌స్టర్ నుంచి జారి పడిందంటే నీ లైసెన్స్ కూడా దాంతోపాటే పోయినట్టు. ఒకవేళ పోతే ఆ క్షణమే దగ్గర్లో ఉన్న స్టేషన్‌లో చెప్పాలి. ఇంట్లో ఇనప బీరువాలో తాళం వేసి పెట్టు, తాళం చెవి పిల్లలకి తెలియకూడదు. ఇంకోటి, తోలు హోల్‌స్టర్‌లోనే రాత్రంతా ఉంచేయకు. మన ఉద్దానం సముద్రపు గాలికి, చెమటకి తోలు తడి పట్టేస్తుంది, ఇనుము తుప్పు పడుతుంది. విప్పి తుడిచి, పలచగా నూనె రాసి విడిగా పెట్టాలి.

లైసెన్స్ వెనక షరతులు ఒకసారి చదువు. తిరునాళ్లకీ, ఊరేగింపులకీ, బహిరంగ సభలకీ, స్కూలు కాలేజీ ఆవరణలోకీ కలెక్టర్ ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. అంటే సిరిమానోత్సవం రోజు విజయనగరం వస్తే అది ఇంట్లోనే ఉండాలి, రథసప్తమికి అరసవల్లి వెళ్లినా అంతే. పెళ్లిలో సరదాకి గాల్లోకి కాలిస్తే 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఎన్నికలొస్తే డిపాజిట్ చేయమంటారు, చేసి రసీదు తీసుకో.

అన్నిటికంటే ముఖ్యం, ఏరియా కాలమ్‌లో ఏముందో చూడు. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే పాతపట్నం దాటి పర్లాకిమిడిలో అడుగుపెట్టగానే నీ దగ్గరున్నది లైసెన్స్ లేని ఆయుధం. లైసెన్స్ లేని ఆయుధానికి శిక్ష రెండేళ్ల నుంచి మొదలవుతుంది బావూ.

మీమ్స్ బాబు

ఆ రికవరీ ఆయన దగ్గరికి వెళ్తే మాత్రం అన్నా ముందు నువ్వే జామీనుదారుణ్ని వెతుక్కోవాలి 😂 మళ్లీ ఇక్కడే పోస్ట్ పెడతావు

డల్లాస్ బొబ్బిలి

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు, సగం చెప్పాడు. నేను బొబ్బిలివాణ్ని, ఇక్కడ ఆర్మ్‌డ్ సెక్యూరిటీ లైసెన్స్ ఉంది, ఆ పని చేసేవాళ్లతో పరిచయం ఉంది. అమెరికాలో డబ్బు తీసుకుని బాండు ఇవ్వడం ఒక వ్యాపారం, ఫీజు మామూలుగా పది శాతం. మనిషి పారిపోతే ఆ బాండు కంపెనీకి నష్టం, అందుకని మనుషుల్ని పంపుతుంది. ఆ అధికారానికి 1872 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఆధారం. కానీ కెంటకీ, ఆరెగాన్, విస్కాన్సిన్, ఇల్లినాయిలో ఆ వ్యాపారమే లేదు. టెక్సాస్‌లో పోలీసు అధికారి అయినా, లైసెన్స్ ఉన్న ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ అయినా, కమిషన్డ్ సెక్యూరిటీ ఆఫీసర్ (తుపాకీ పెట్టుకునే అనుమతి ఉన్న గార్డు) అయినా అయి ఉండాలి. ఇన్వెస్టిగేటర్ అయితే ఇంట్లోవాళ్లు ఒప్పుకోకుండా లోపలికి పోకూడదు, పోలీసులా కనిపించే బ్యాడ్జీ, యూనిఫాం వేసుకోకూడదు. మీ బావమరిది హెచ్1బీ మీద ఉంటే ఆయన తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డు ఉంటే వేరే సంగతి.

ఇక్కడివాళ్లు ఎక్కువగా పెట్టుకునేది 9 ఎంఎం పిస్టలే, వెనక్కి తన్నడం తక్కువ, తూటాలు ఎక్కువ పడతాయి, ప్రాక్టీసుకి ఖర్చు తక్కువ. అయినా వాళ్లు పేచీ పడేది పిస్టల్ గురించి కాదు, హోల్‌స్టర్ గురించి. ఎందుకంటే ఈ పనిలో పెనుగులాట ఖాయం, ఎదుటివాడి చెయ్యి నీ నడుము మీదికి వస్తుంది, ఒక లాక్ లాగితే ఊడిపోయే హోల్‌స్టర్ అయితే నీ పిస్టల్‌తో నిన్నే కాలుస్తాడు. అందుకే రెండు మూడు రకాలుగా బిగించే డ్యూటీ హోల్‌స్టర్ వాడతారు. ఇళ్ల గోడలు ఇక్కడ పలచటి బోర్డులు, గురి తప్పిన తూటా పక్క గదిలో పిల్లవాడికి తగులుతుంది, ఒంట్లోంచి దూసుకుపోకుండా విచ్చుకునే రకం తూటాలు వేసుకున్నా ఆ ప్రమాదం పోదు, అందుకే తుపాకీ కంటే ముందు పెప్పర్ స్ప్రే, బేడీలు పెట్టుకుంటారు. మనిషి ఎక్కడున్నాడో తేలాక పోలీసులకి ముందే చెప్పి వెళ్లేవాళ్లే నాకు తెలిసినవాళ్లలో చాలా కాలంగా ఈ పనిలో ఉన్నవాళ్లు. పరుగెత్తి పారిపోయేవాడి వీపు మీద కాల్చడం ఇక్కడ కూడా చెల్లదు.

టెక్కలి జవాన్

అందరికీ థ్యాంక్స్. లైసెన్స్ చూశాను, ఏరియా ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. పర్లాకిమిడి ప్రయాణం మానుకున్నాను. ప్లీడరు గారూ, రికవరీ ఆయన "ఊరికే పక్కన నిలబడు, తీయక్కర్లేదు, నడుముకి కనిపిస్తే చాలు" అంటున్నాడు, అది కూడా తప్పేనా?

నరసన్నపేట ప్లీడరు

కనిపించేలా పెట్టుకుని నిలబడడం అంటే అప్పు తీసుకున్నవాణ్ని భయపెట్టడానికే కదా. బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ రికవరీ ఏజెంట్ల చేత బెదిరింపు, వేధింపు చేయించకూడదని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది, ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ కూడా చేయకూడదు. ఆత్మరక్షణకి ఇచ్చిన లైసెన్స్‌ని ఆ పనికి వాడితే షరతులు తప్పినట్టే, కేసు పెట్టొచ్చు, లైసెన్స్ రద్దు చేయొచ్చు. గన్‌మన్ ఉద్యోగమే కావాలంటే హవల్దార్ గారిలా బ్యాంకు క్యాష్ వైపు, లైసెన్స్ ఉన్న సెక్యూరిటీ ఏజెన్సీలో చేరండి.

నోటీసులో తేదీ ఏముందో చూసుకుని దానికి రెండ్రోజుల ముందే రండి. బాండు కాపీ, పాసుపుస్తకం, వాడి ఆచూకీ గురించి స్టేషన్‌లో ఇచ్చిన కాగితానికి రసీదు పట్టుకురండి, మీ పిన్నిని కూడా వెంటబెట్టుకు వస్తే మంచిది, కొడుకు దగ్గరికి ఆమె ఫోన్ వెళుతుందేమో.

క్యాష్ వ్యాన్ హవల్దార్

పిన్ని ఫోన్ వెళుతుంది, నేను పందెం.