పార్కు దగ్గర్లో ఉంటే ఏరియా మొత్తం నడవడానికి బాగుందనిపిస్తుందా?

ప్రశ్న:
సిటీ ప్లానింగ్ చదువుతున్నానండి, ప్రాజెక్టు కోసం అడుగుతున్నా. మ్యాప్‌లో రెండు ఏరియాలకీ పార్కు ఒకే దూరం, ఫుట్‌పాత్‌లు కూడా ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, కానీ ఒకచోట వాళ్ళు హాయిగా నడవొచ్చంటారు, ఇంకోచోట వాళ్ళు అస్సలు కుదరదంటారు. పచ్చదనం ఎంతుందనేదా ముఖ్యం, దాని దగ్గరికి వెళ్ళగలగడమా?

రిప్లై 1:
వెళ్ళగలగడమే. ముందు దూరం ఎలా కొలిచారో చూడండి. ఇంటికి 300 మీటర్లలోపు కనీసం అర హెక్టారు నుంచి ఒక హెక్టారు పచ్చటి స్థలం ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ యూరప్ వాళ్ళు చెప్తారు, అది మ్యాప్ మీద తిన్నగా గీత గీసి కొలిచే 300. పార్కు గోడ ఇంటికెదురుగానే ఉండి గేటు అవతలి వైపుంటే చుట్టూ తిరిగి వెళ్ళాలి, మధ్యలో సిగ్నల్ లేని పెద్ద రోడ్డు కూడా ఉంటే పెద్దవాళ్ళకీ పిల్లలకీ ఆ పార్కు లేనట్టే. గేటు దాకా నడిచే దారిలో కొలవండి.

రిప్లై 2:
పైన చెప్పింది కరెక్టే, దానికితోడు దారిలో చెట్లున్నాయా లేదా అనేది చాలా పెద్ద విషయం, దీన్ని ఎవరూ సరిగ్గా పట్టించుకోరు. ఎండలో పది నిమిషాలు, నీడలో పది నిమిషాలు ఒకటి కావు కదా, వాచీలో ఒకటే గానీ మనిషికి కాదు. ఒక చోటు నడవడానికి ఎంత వీలుగా ఉందో మార్కులేసే వాక్ స్కోర్ లాంటివి ముఖ్యంగా ఏది ఎంత దగ్గరుందో చూస్తాయి, నీడ సంగతి వాటికి తెలీదు. 2021లో కోనైనెన్‌డైక్ అనే ఆయన చెప్పిన 3-30-300 రూల్ చూడండి, ఇంట్లోంచి 3 చెట్లు కనపడాలి, ఏరియాలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో పార్కుండాలి. మధ్యలో ఉన్న ఆ 30 వల్లే పార్కు దాకా నడవబుద్ధేస్తుందని నా అభిప్రాయం.

రిప్లై 3:
చీకటి పడ్డాక ఏంటో కూడా అడగండి ప్లీజ్. లైట్లు లేక, గుబురు పొదల వెనక ఎవరున్నారో కనపడకపోతే పగలు ఇష్టంగా నడిచిన దారినే ఆడవాళ్ళు సాయంత్రం తప్పించుకుని వెళ్తారు. ఆడవాళ్ళ జవాబులు విడిగా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. సర్వేకి రెడీమేడ్ ప్రశ్నలేమైనా ఉన్నాయా?

రిప్లై 1:
నెయిబర్‌హుడ్ ఎన్విరాన్‌మెంట్ వాకబిలిటీ స్కేల్ అని ఉంది, ట్రాఫిక్, నేరాల భయం, చూడ్డానికి ఎలా ఉంది, అన్నీ విడివిడిగా అడుగుతుంది. గేటు గురించి మీరే కలపండి. ఇంకోటి, నడక ఇష్టమున్నవాళ్ళే చెట్లున్న ఏరియా వెతుక్కుని ఇల్లు తీసుకుంటారు, అందుకని ఈ ఏరియాకి ఎందుకొచ్చారు అన్న ప్రశ్న తప్పకుండా పెట్టండి, లేదంటే పార్కు వల్లే నడుస్తున్నారని రాసేస్తారు.