దోశ ఇంటికొచ్చేసరికి తడిగుడ్డ అయిపోతోంది, టేకౌట్‌కి ఏం చెప్పుకోవాలి?

వంటింట్లో కొత్త:
అమెరికా వచ్చి ఆరు నెలలైంది. ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్నది ఒకే ఒక్క ఇండియన్ రెస్టారెంట్. అక్కడే కూర్చుని తింటే పేరు పెట్టడానికి లేదు, అదే ప్యాక్ చేయించి తెచ్చుకుంటే మాత్రం దేవుడికే తెలియాలి. మొన్న శుక్రవారం మసాలా దోశ, పూరీ, చికెన్ బిర్యానీ తెచ్చాం. దోశని నాలుగు మడతలేసి ఫాయిల్‌లో చుట్టారు, విప్పి చూస్తే మడతలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఎక్కడ పట్టుకుంటే అక్కడ చిరిగిపోతోంది. పూరీలు సాగుతున్నాయి. బిర్యానీ డబ్బాలో పైనంతా తెల్లన్నం, మసాలా అంతా అడుగున. కూరకి మీడియం కారం అని చెప్పాం, తీరా చూస్తే తియ్యగా ఉంది!

వచ్చే వారం అత్తయ్యగారూ మామయ్యగారూ దిగుతున్నారు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, ఆ రోజు నాకు వండే ఓపిక ఉండదు. ఏం ఆర్డర్ చేస్తే బాగుంటుంది? యాప్‌లో పెట్టాలా, ఫోన్ చేయాలా? టెన్షన్‌గా ఉంది.

కౌంటర్ వెనకాల:
ఇలాంటి రెస్టారెంట్ కౌంటర్‌లో రెండేళ్లు పనిచేశానండీ, కాబట్టి లోపలి మాట చెప్తాను. దోశ టేకౌట్‌కి పనికొచ్చే వస్తువు కాదు. పెనం మీద కరకరలాడినదాన్ని వేడిగా మూసేస్తే దాని ఆవిరి బయటికి పోలేక మళ్లీ దాని మీదే నీళ్లై పడుతుంది, మాస్టర్ ఎంత బాగా వేసినా ఇరవై నిమిషాల్లో మీరు చెప్పిన తడిగుడ్డే. పూరీ, పకోడీ కూడా అంతే. ఇడ్లీకి ఆ బాధ లేదు, అది పుట్టిందే ఆవిరిలో.

ఇక కూరలు. చాలా చోట్ల ఉల్లిపాయ, టమాటా, జీడిపప్పు ఉడికించి రుబ్బిన గ్రేవీ పొద్దున్నే పెద్ద గిన్నెలో చేసి పెట్టేస్తారు, రాత్రి దాకా అందులోంచే తీసి ఒకదానికి క్రీమ్, ఇంకోదానికి క్యాప్సికమ్ వేసి పేరు మారుస్తారు. మీ కూర తియ్యగా ఉండటానికి కారణం ఆ జీడిపప్పు, క్రీమే. అందుకని మూడు మసాలా కూరలు చెప్తే మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకటి అలాంటిది చెప్పి, రెండోది పప్పు తడ్కా చెప్పండి. కారం విషయంలో మీడియం, హాట్ అనే మాటలు నమ్మొద్దు, మేము తెలుగువాళ్లం, మా ఇంట్లో తినేంత కారం వేయండి అని నోరు విడిచి చెప్పండి. నాన్ ముక్కలు కోయకుండా కాగితంలో చుట్టమనండి, ఫాయిల్ వద్దు.

ఫోనే చేయండి. ఈ మాటలన్నీ యాప్‌లో రాస్తే రద్దీలో ఎవరూ చదవరు. పైగా యాప్‌లు రెస్టారెంట్ దగ్గర 15 నుంచి 30 శాతం దాకా కమిషన్ తీసుకుంటాయి, దానికోసం యాప్ మెనూలో రేట్లు పెంచేవాళ్లు చాలామంది.

ఆదివారం బిర్యానీ:
పై అన్నయ్య చెప్పినవన్నీ కరెక్టే గానీ బిర్యానీ సంగతి వదిలేశారు. పైన తెల్లన్నం ఉండటం తప్పు కాదండీ, దమ్ బిర్యానీ అంటే అడుగున మాంసం, పైన అన్నం పొర. తప్పల్లా తీసేవాడి గరిటెది. పైపైన గీకి డబ్బా నింపితే అన్నమే వస్తుంది, పక్క నుంచి అడుగు దాకా గరిటె దించితే అన్నీ కలిసి వస్తాయి. మేము ఆర్డర్ చెప్పేటప్పుడే ఆ మాట చెప్తాం, కొంచెం సిగ్గనిపిస్తుంది గానీ పని జరుగుతుంది. నలుగురైదుగురు ఉంటే విడివిడి డబ్బాల కన్నా ట్రే నయం, వేడి నిలుస్తుంది.

దోశ కావాల్సిందే అంటే ఇండియన్ గ్రోసరీలో పిండి డబ్బా కొనుక్కుని, చట్నీ, సాంబారు, బంగాళాదుంప కూర రెస్టారెంట్‌లో తీసుకోండి. పెనం మీద వేసుకోవడం ఎంతసేపు?

చాదస్తం అనుకున్నా సరే:
ఒక్క జాగ్రత్త. ముందే తెచ్చి టేబుల్ మీద పెట్టి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లకండి. ఇక్కడి ఆహార భద్రత సూచనల ప్రకారం వండినవి బయట 2 గంటలకి మించి ఉండకూడదు, 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. అన్నంతో మరీ ఇబ్బంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం బయట ఉండిపోతే అది వదిలే విషం తర్వాత మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలింది లోతు తక్కువ గిన్నెల్లోకి మార్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, తినేముందు 165 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేయండి. ఆ అల్యూమినియం డబ్బాని అలాగే మైక్రోవేవ్‌లోకి తోసేయకండి తల్లీ, మా ఇంట్లో ఒకసారి దీపావళి అయింది.

వంటింట్లో కొత్త:
అందరికీ థాంక్సండీ. నిన్న దిగారు. దారిలోనే ఫోన్ చేసి ఇడ్లీ, సాంబారు, పప్పు తడ్కా, ఒక బిర్యానీ చెప్పి, ఇంటికెళ్తూ మేమే తీసుకున్నాం. గరిటె మాట ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే మా ఆయన ఫోన్ లాక్కుని చెప్పేశారు, అవతలాయన నవ్వి సరేనన్నారట. నిజంగానే ముక్కలు పైదాకా ఉన్నాయి.

అత్తయ్యగారు సాంబారు ఒక్క చెంచా నోట్లో వేసుకుని, "ఇందులో బెల్లం వేశారే" అని మొహం చిట్లించారు. ఆ తర్వాత ఇడ్లీ మీద ఇంకో గరిటె పోయించుకున్నారు.