అడ్తి దుకాణంలో ఫైర్‌వాల్: గుమాస్తాను ఎన్నిసార్లు అడగాలి?

హనుమకొండ సిస్టమ్స్:
వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణానికి కంప్యూటర్లు చూస్తుంటాను. రెండు విండోస్ మెషీన్లు, ఒక ప్రింటర్. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఒకదాంట్లో ఉంటుంది, రెండోది నెట్‌వర్క్ మీద తెరుస్తుంది. గట్టిగా ఉంటుందని, ప్రతి కనెక్షన్‌కూ అనుమతి అడిగే ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ కాపలా సాఫ్ట్‌వేర్) ఒకటి వేశాను.

మిర్చి సీజన్. తక్‌పట్టీల (అమ్మకం లెక్క చీటీల) కోసం రైతులు నిలబడి ఉన్నారు. ఇంగ్లిష్‌లో బాక్స్ వచ్చింది. గుమాస్తాకు అరవై దాటాయి. లెక్కల్లో ఆయనకు వంక పెట్టలేం, ఆ బాక్స్ మాత్రం అర్థం కాలేదు. భయపడి వద్దని నొక్కారు. ప్రింటర్ ఆగిపోయింది. నేను కాజీపేట నుంచి చేరేసరికి చేత్తో రాస్తున్నారు, కార్బన్ పేపర్ మరకలు వేళ్లనిండా. "గిదేందో అడుగుతాంది తమ్మీ, నాకేం ఎరుక" అన్నారు.

వారం తర్వాత వెళ్తే మానిటర్ అంచుకు స్కెచ్ పెన్నుతో రాసిన చీటీ: "ఏదొచ్చినా ఎస్ కొట్టాలె." యజమాని అంటించారట. వాళ్లను ఏమీ అనలేను. జవాబు తెలియని మనిషిని అడిగింది నేనే. ఫైర్‌వాల్ పూర్తిగా తీసేయమంటున్నారు. మీరేం చేస్తున్నారు?

కరీంనగర్ అకౌంట్స్:
అదనంగా వేసింది తీసేయండి అన్నా, విండోస్‌లో ఉన్నదే ఆన్ చేయండి. మామూలు సెట్టింగ్‌లో అది బయటి నుంచి పిలవకుండా వచ్చేవాటిని ఆపి, మనం బయటికి పంపేవాటిని వదులుతుంది. అందుకే బాక్సులు తక్కువ. ప్రింటర్ షేరింగ్, ట్యాలీ ఫోల్డర్ రెండింటికీ 445 పోర్టు (కనెక్షన్లు వచ్చే ద్వారం లాంటిది) కావాలి. దాన్ని విండోస్‌లో ప్రైవేట్ (మన సొంతం) అని పెట్టిన నెట్‌వర్క్‌కే తెరవండి, అదీ లోకల్ సబ్‌నెట్ (దుకాణంలోని మెషీన్లు) వరకే. 2017 మేలో వనాక్రై వైరస్ పాకింది ఆ దారినే, కాబట్టి అప్‌డేట్లు ఆపొద్దు. రూటర్ మార్చిన రోజు నెట్‌వర్క్ మళ్లీ పబ్లిక్ (బయటివాళ్లది) అని మారిందేమో చూడండి. మా దగ్గర ప్రింటర్ ఆగింది అక్కడే.

గుమాస్తాకు స్టాండర్డ్ (సెట్టింగులు మార్చే అధికారం లేని) అకౌంట్ ఇవ్వండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరుంటే ఆయన ఏం నొక్కినా ఫైర్‌వాల్ సెట్టింగులు మారవు.

జనగామ టీచర్:
మా నాన్నకు బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ ఒకటి వేయించారు. స్క్రీన్ మీద వచ్చిన నంబర్ నాన్నే చదివి చెప్పారు. ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది. కనెక్షన్ మన వైపు నుంచే మొదలవుతుంది కాబట్టి అది ఆపలేదు. తమ్ముడు చూసి నెట్ వైరు పీకేశాడు కాబట్టి డబ్బు దక్కింది. ఆ గుమాస్తా గారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబర్ కూడా రాసివ్వండి. ఇంట్లో రూటర్ డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు అడ్రసులు వెతికే సేవ) క్వాడ్9కి, అంటే 9.9.9.9కి మార్చాం. మోసపు సైట్లని తెలిసినవాటిని ఎవరినీ ఏమీ అడగకుండానే ఆపేస్తుంది.

హనుమకొండ సిస్టమ్స్:
ఆదివారం కూర్చుని అన్నీ చేశాను. రెండు మెషీన్ల నుంచీ తక్‌పట్టీ ప్రింట్ తీసి చూశాకే లేచాను. "మరి ఏమన్న వస్తే ఏం కొట్టాలె?" అన్నారు గుమాస్తా. ఏమీ కొట్టొద్దు కాకా, ఫోటో తీసి నాకు వాట్సాప్ పెట్టండి అన్నాను. పాత చీటీ తీసి, అదే చోట ఈ మాట, నా నంబర్, 1930 రాసి అంటించాను.

మంగళవారం మొదటి ఫోటో వచ్చింది. ప్రింటర్‌లో కాగితం అయిపోయిందన్న మెసేజ్. చేతిలో పని పక్కన పెట్టి ఫోన్ చేశాను. ఇప్పుడు విసుక్కుంటే ఇంకోసారి అడగరు.