అమెరికా సైజు 9½ ఉంగరాన్ని ఇక్కడ చేయించాలంటే కంసాలికి ఏ కొలత ఇవ్వాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి నిశ్చితార్థం వైశాఖ మాసంలో ఇక్కడే, రాజమహేంద్రవరంలో జరగనుంది. వరుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ముహూర్తానికి రెండు రోజుల ముందు గానీ రాలేరు కాబట్టి, ఆయనకు పెట్టవలసిన ఉంగరం ఆయన రాకముందే సిద్ధమై ఉండాలి. వేలి సైజు అడిగితే 'తొమ్మిదిన్నర' అని రాసి పంపారు. మా ఇంటికి నగలు చేసే కంసాలి గారు ఆ అంకె చూడగానే, ఇది మగవారి ఉంగరపు వేలికి పట్టే కొలత కాదనీ, ఏ దేశపు లెక్కో కనుక్కొని రమ్మనీ అన్నారు. అది అమెరికా లెక్క అని తేలాక ఇంటర్నెట్‌లో పట్టికలు వెతికితే, ఒకదానిలో దానికి సరిపోయే మన సైజు 20 అని, మరొకదానిలో 21 అని ఉంది.

దీనికి తోడు, అమ్మాయికి పెట్టే ఉంగరాన్ని వరుడి అక్కగారు బర్మింగ్‌హామ్‌లో చేయిస్తున్నారు. అక్కడ సైజులు అంకెల్లో కాక ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయట. మేము దారంతో కొలిస్తే అమ్మాయి వేలి చుట్టుకొలత 53 మిల్లీమీటర్లు వచ్చింది. దీనికి ఏ అక్షరం చెప్పాలి? రెండు ఉంగరాలూ వేడుక రోజున అందరి ఎదుటా తొడగవలసినవి కాబట్టి, బిగుతు కాకుండా, వదులు కాకుండా సరిపోవాలన్నదే మా ఆరాటం. ఈ విషయం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (విజయవాడ, నగల తయారీ)

మీ కంసాలి గారు ఆ అంకెను నమ్మి పని మొదలుపెట్టకుండా ఆగడం చాలా మంచిదైంది. మన షాపుల్లో వాడే నంబర్లు చాలావరకు ఉంగరం లోపలి చుట్టుకొలతను మిల్లీమీటర్లలో తీసుకొని, అందులోంచి 40 తీసివేస్తే వచ్చే సంఖ్యకు దగ్గరగా ఉంటాయి. ఆ లెక్కన తొమ్మిదిన్నర అంటే దాదాపు 49.5 మిల్లీమీటర్ల చుట్టుకొలత, అంటే సన్నని చేతివేళ్లున్న ఆడపిల్లల ఉంగరం.

అమెరికా లెక్క చుట్టుకొలతతో కాక లోపలి వ్యాసంతో, అదీ అంగుళాల్లో నడుస్తుంది. అక్కడ సున్నా సైజు అంటే 0.458 అంగుళం, అంటే 11.63 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఒక్కొక్క సైజుకు 0.032 అంగుళం, అంటే దాదాపు 0.81 మిల్లీమీటరు వ్యాసం పెరుగుతుంది. కాబట్టి తొమ్మిదిన్నరను 0.8128తో గుణిస్తే 7.72 వస్తుంది, దానికి 11.63 కలిపితే లోపలి వ్యాసం 19.35 మిల్లీమీటర్లు. దీన్ని 3.1416తో గుణిస్తే చుట్టుకొలత 60.8. ఇందులోంచి 40 తీసివేస్తే 20.8 మిగులుతుంది. మీకు కనిపించిన రెండు పట్టికల్లో ఒకటి దీన్ని కిందికీ, మరొకటి పైకీ సరిచేశాయి. నా దృష్టిలో 21 సరైనది, కానీ మీరు కంసాలి గారికి ఆ అంకె కూడా చెప్పకండి. 'లోపలి వ్యాసం 19.35 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 60.8' అని రెండు కొలతలూ కాగితం మీద రాసి ఇవ్వండి. రెండూ ఇస్తే ఒకదాన్ని మరొకటిగా పొరబడే అవకాశం ఉండదు.

సైజు నంబరు ఒక దేశం దాటి మరొక దేశానికి వెళ్లినప్పుడు దాని వెంట దేశం పేరు వెళ్లకపోతే ఎంత చేటు జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. అమెరికాలో 7 అంటే 54.4 మిల్లీమీటర్ల చుట్టుకొలత. ఇటలీ, స్పెయిన్, స్విట్జర్లాండ్‌లలో కూడా చుట్టుకొలత నుంచి 40 తీసివేసే పద్ధతే ఉంది కాబట్టి అక్కడ 7 అంటే 47 మిల్లీమీటర్లు, అంటే అమెరికా లెక్కలో దాదాపు 4. జపాన్‌లో ఒకటో సైజు 13 మిల్లీమీటర్ల వ్యాసంతో మొదలై, ఒక్కో సైజుకు మిల్లీమీటరులో మూడో వంతు చొప్పున పెరుగుతుంది. అక్కడ 7 అంటే 15 మిల్లీమీటర్ల వ్యాసం, 47.1 చుట్టుకొలత. ఒకే అంకెకు ఇన్ని ఉంగరాలు! అయితే అమెరికా 7, జపాన్ 14, మన 14 మాత్రం ఇంచుమించు ఒకే కొలతకు వస్తాయి; చేతిలో ఉన్న పట్టిక నమ్మదగినదో కాదో చూసుకోవడానికి నేను మొదట ఈ వరుసనే పరిశీలిస్తాను.

ఈ గందరగోళం లేకుండా ఉండాలనే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8653 వచ్చింది. 1986లో వెలువడి, 2016లో సవరించబడిన ఆ ప్రమాణం ప్రకారం లోపలి చుట్టుకొలత ఎన్ని మిల్లీమీటర్లో అదే సైజు. ఫ్రాన్సులో 61 అని చెబితే 61 మిల్లీమీటర్లే. మన షాపులన్నీ కూడా ఈ పద్ధతికి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

సమాధానం (బర్మింగ్‌హామ్ నుంచి)

అమ్మాయి ఉంగరం సంగతి నేను చెబుతాను. మా ఊళ్లో నగల పనివారంతా కూడి ఉండే పేట ఒకటి ఉంది, దానికి జ్యూయెలరీ క్వార్టర్ అనే పేరు. వరుడి అక్కగారు బహుశా అక్కడే చేయిస్తున్నారేమో. బ్రిటన్‌లోనే కాక ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలలో కూడా ఈ అక్షరాల పద్ధతే వాడుకలో ఉంది. 'సి' అక్షరానికి లోపలి చుట్టుకొలత 40 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఒక్కో అక్షరానికి 1.25 మిల్లీమీటర్లు పెరుగుతుంది, రెండు అక్షరాల నడుమ అర సైజు కూడా ఉంటుంది. అలా లెక్కిస్తూ పోతే 'ఎమ్'కు 52.5, 'ఎన్'కు 53.75 వస్తాయి. మీరు చెప్పిన 53 ఈ రెండింటి మధ్య పడుతుంది, 'ఎమ్'కు అర కలిపిన సైజు 53.1 కాబట్టి అదే దగ్గరిది. అమెరికా లెక్కలో అది దాదాపు ఆరున్నర.

అయితే దారంతో తీసిన కొలత మీద ఆధారపడి అక్షరం ఖాయం చేయవద్దని నా మనవి. దారం లాగితే సాగుతుంది, వేలి కండలోకి దిగుతుంది, ముడి దగ్గర ఎంత పోయిందో తెలియదు. చుట్టుకొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే ఇక్కడి లెక్కలో ముప్పాతిక అక్షరానికి పైగా మారిపోతుంది. చేయబోయే ఉంగరం ఎంత వెడల్పు ఉంటుందో అంతే వెడల్పున గట్టి కాగితపు పట్టీ కత్తిరించి, వేలి మొదట్లో చుట్టి, కొసలు ఒకదానిపై ఒకటి వచ్చిన చోట సన్నని పెన్సిలుతో గీత గీసి, పట్టీని బల్లమీద చాపి కొలవండి. అంతకన్నా మంచిది మీ ఊళ్లో ఏదైనా నగల దుకాణానికి వెళ్లి, సైజు రింగుల గుత్తి తీసుకొని, ఒక్కొక్కటే తొడిగి చూడటం. తొడిగేటప్పుడు వేలి కణుపు దగ్గర కొంచెం పట్టుకొని దాటాలి, తీసేటప్పుడు అంతకన్నా ఎక్కువ పట్టుకోవాలి. అది సరైన సైజుకు గుర్తు. కణుపు బాగా లావుగా ఉండి వేలి మొదలు సన్నగా ఉన్నవారికి ఈ రెండు చోట్లా కొలిచి, మధ్య సైజు తీసుకోవడం ఆనవాయితీ.

సరిపోయిన రింగు మీది నంబరు కాకుండా, ఆ రింగు లోపలి వ్యాసం కొలిపించి రాసుకోండి. అక్కగారికి అక్షరంతో పాటు ఆ కొలత కూడా పంపండి.

ప్రశ్న వేసినవారు

మీ ఇద్దరికీ అనేక నమస్కారాలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. మరి రెండు సంగతులు అడుగుతాను. వరుడి సైజును ఆయన జనవరిలో, అక్కడ చలి ముదిరి ఉన్నప్పుడు, షాపులో సన్నని రింగుతో చూపించుకున్నారట. మేము చేయించేది 22 క్యారెట్ల బంగారంతో, 7 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ ఉంగరం. వేడుక జరిగేది ఇక్కడి వైశాఖపు ఎండల్లో. ఇవి లెక్కలో చూసుకోవాలా? ఆయన దగ్గర రోజూ పెట్టుకునే వెండి ఉంగరం ఒకటి ఉంది, దాన్ని కొలవమంటే కొలిచి పంపుతానన్నారు.

సమాధానం (హైదరాబాద్, యంత్రాల తయారీ ఇంజనీరు)

వెండి ఉంగరం ఉందంటే సమస్యలో సగం తీరినట్టే. ఆ ఉంగరం ఆయన ఉంగరపు వేలిదేనా, ఏ చేతిది అని ముందు అడగండి; ఎక్కువగా వాడే చేతి వేళ్లు సాధారణంగా కాస్త లావుగా ఉంటాయి. ఆ తరువాత ఆయన్ను స్కేలుతో కాకుండా వెర్నియర్ క్యాలిపర్‌తో (జరిగే దవడలతో సూక్ష్మంగా కొలిచే పరికరం) కొలవమనండి. క్యాలిపర్ పై వైపు ఉన్న చిన్న దవడలను ఉంగరం లోపల పెట్టి తెరిచి, ఒకసారి కొలిచాక, ఉంగరాన్ని పావు వంతు తిప్పి మళ్లీ కొలవాలి. రోజూ పెట్టుకునే ఉంగరం కొంచెమైనా వంగి అండాకారంలోకి వచ్చి ఉంటుంది కాబట్టి రెండు కొలతల సగటు తీసుకోవడం అవసరం. ఆ దవడల అంచులకు కొంత మందం ఉండటం వల్ల చిన్న రింగులో కొలత నిజం కన్నా రవ్వంత తక్కువ చూపిస్తుంది, అది గుర్తుంచుకుంటే చాలు. లోపలి వైపు గుండ్రంగా ఉబ్బి ఉన్న ఉంగరమైతే అంచు దగ్గర కాక, నడిమి భాగంలో, అంటే వేలికి తగిలే అతి ఇరుకైన చోట కొలవాలి.

కొందరు తెర మీద గాని, ముద్రించిన కాగితం మీద గాని గీసి ఉన్న వృత్తాలపై ఉంగరం పెట్టి సైజు చూస్తారు. ముద్రించేటప్పుడు ప్రింటరు పేజీని మూడు శాతం కుదించినా 19.35 వ్యాసం 18.8 అయిపోతుంది, అది అమెరికా లెక్కలో అర సైజుకు పైగా తేడా. ఆ కాగితాన్నే వాడక తప్పదనుకుంటే, దాని మీద గీసి ఉన్న స్కేలును ఏటీఎం కార్డుతో సరిచూడండి. ప్రపంచంలో ఏ బ్యాంకు కార్డయినా పొడవు 85.6 మిల్లీమీటర్లే.

సమాధానం (విజయవాడ, నగల తయారీ)

మీరు అడిగిన రెండూ తప్పకుండా లెక్కలో చూసుకోవలసినవే. చలిలో వేళ్లు ముడుచుకుంటాయి, వేడిలో ఉబ్బుతాయి, సాయంత్రానికి ఉదయం కన్నా లావెక్కుతాయి, ఉప్పు ఎక్కువ తిన్న రోజున మరింత తెలుస్తుంది. దీర్ఘ విమాన ప్రయాణం చేసి వచ్చినవారికి రెండు రోజుల పాటు ఆ ఉబ్బు తగ్గకపోవచ్చు కూడా. ఇక వెడల్పు విషయానికి వస్తే, 2 మిల్లీమీటర్ల సన్నని రింగు వేలి మీద కొద్ది చోటునే పట్టుకుంటుంది, 7 మిల్లీమీటర్ల పట్టీ అయితే కండను రెండు వైపులా ఒత్తుతుంది. అందువల్ల అంత వెడల్పు ఉంగరానికి అమెరికా లెక్కలో అర సైజు వరకు పెంచడం మా పనిలో మామూలే. చలికాలపు కొలతను, పట్టీ వెడల్పును కలిపి చూస్తే, మీ ఉంగరం లోపలి వ్యాసం 19.35 కాకుండా 19.7 దాకా ఉండాలని నా సలహా. అంటే అమెరికా పదో సైజుకు దగ్గరగా, మన లెక్కలో 22. పైన ఇంజనీరు గారు చెప్పినట్టు వెండి ఉంగరం కొలత వచ్చి, దాని వెడల్పు కూడా తెలిస్తే, ఈ అంచనాను దానితో సరిచూసి ఖాయం చేసుకోవచ్చు.

ఉంగరాన్ని కొలత కడ్డీకి ఎక్కించి చూసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ఆ కడ్డీ ఒక కొస నుంచి మరొక కొసకు సన్నబడుతూ పోతుంది కాబట్టి, వెడల్పు ఉంగరం దాని సన్నని వైపు అంచు దగ్గర ఒక కొలత, లావు వైపు అంచు దగ్గర మరొక కొలత చూపిస్తుంది. ఏ అంచు చూసి చెబుతున్నారో కంసాలి గారిని అడగండి. లేదా పని పూర్తయ్యాక క్యాలిపర్‌తో లోపలి వ్యాసమే కొలిపించండి.

కొలత ఎంత జాగ్రత్తగా తీసినా కొంచెం అటూ ఇటూ అయితే సరిచేసుకోవడానికి వీలుండే నమూనానే ఎంచుకోండి. రాళ్లు లేని సాదా పట్టీని కడ్డీ మీద సాగదీసి కొంత పెంచవచ్చు. అంతకన్నా ఎక్కువ కావాలంటే కోసి, అదే మేలిమి గల ముక్క చేర్చి, టంకం వేసి అతకాలి. తగ్గించాలంటే ముక్క తీసి అతకాలి. చుట్టూరా రాళ్లు పొదిగిన ఉంగరానికి ఈ పని కుదరదు. అమ్మాయి ఉంగరం అలాంటిదైతే అక్కగారికి ఈ మాట ముందే చెప్పండి. ముత్యం, పగడం ఉంటే నిప్పు తగలనివ్వకుండా రాయి ఊడదీసి పని చేయించాలి. మనదేశంలో అమ్మే హాల్‌మార్క్ బంగారు నగకు 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ ముద్ర, అంటే ఒక్కో నగకు విడిగా ఇచ్చే, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల సంకేతం, తప్పనిసరి. ఉంగరంలో అది లోపలి వైపున, తరచుగా అడుగు భాగంలో పడుతుంది. సైజు మార్చేటప్పుడు కోసేది కూడా ఆ అడుగు భాగంలోనే. సైజు మార్పించవలసి వస్తే, కోసే ముందు ఆ ముద్రను చూపించి, దానికి దూరంగా కోయమని చెప్పండి.