ల్యాబ్‌లో ఐఓస్ట్రీమ్.హెచ్ ఇంకా ఎన్నాళ్లు? టర్బోని ఉంచాలా, తీసెయ్యాలా?

టెక్కలి అక్క:

మా తమ్ముడు శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష రాశాడు. సీ++లో ప్రోగ్రాము రాయమన్నారు. ప్రశ్న తేలికే, ల్యాబ్‌లో చేసిందే. మొదటి లైను దగ్గరే కంపైలర్ (కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాము) ఆపేసింది: "ఐఓస్ట్రీమ్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". అది ప్రోగ్రాము పైన చేర్చే హెడర్ ఫైలు. దాని పేరు చివర .హెచ్ తీసేశాడు. అప్పుడు కోనియో.హెచ్ లేదంది. దాన్నీ తీసేశాడు. ఈసారి తెరమీద రాసే సీఅవుట్ ఎవరో తెలీదంది, మెయిన్ ఇంట్, అంటే పూర్ణ సంఖ్య, ఇవ్వాలంది, క్లియర్‌స్క్రీన్ అంటే ఏమిటో తెలీదంది. వీటన్నిటినీ సర్దుకునేసరికి టైమ్ అయిపోయింది. లాజిక్ రాక పోయిన పరీక్ష అయితే నేను ఇక్కడ రాసేదాన్ని కాదు. వాడికి లాజిక్ వచ్చు.

వాడు నేర్చుకున్నది బోర్లాండ్ కంపెనీ కంపైలర్ టర్బో సీ++ 3.0 మీద. అది 1991 నాటిది. సీ++కి మొదటి ఐఎస్‌ఓ ప్రమాణం, అంటే భాష ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ నియమావళి, 1998లో వచ్చింది. ఆ ప్రమాణంలో ఐఓస్ట్రీమ్.హెచ్ అన్న హెడరే లేదు. ఉన్నది <ఐఓస్ట్రీమ్>, దాని పేర్లన్నీ ఎస్‌టీడీ అనే నేమ్‌స్పేస్‌లో, అంటే పేర్ల గుంపులో, ఉంటాయి. అంటే ప్రమాణం పుట్టకముందు భాషని మన పిల్లలకి నేర్పుతున్నాం. 64 బిట్ విండోస్ ఆ 16 బిట్ ప్రోగ్రామ్‌ని నేరుగా నడపదు కూడా, పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి మరీ నడుపుతున్నారు. పాతదాన్ని బతికించడానికి పడుతున్న ఈ శ్రమ కొత్తదాని మీద పెట్టకూడదా?

నా మాట: తీసెయ్యాలి. ప్రమాణం ప్రకారం నడిచే జీ++ కంపైలర్ పెట్టాలి, మొదటి రోజు నుంచే ఎస్‌టీడీ::సీఅవుట్ అని రాయించాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ల్యాబ్ మాస్టారు, బొబ్బిలి:

అమ్మా, తమ్ముడి విషయం చదివి బాధేసింది. అయినా నేను కాదనేవాణ్నే.

నా ల్యాబ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది పల్లెల నుంచి వస్తారు, తెలుగు మీడియంలో చదివినవాళ్లు. కీబోర్డు మీద చెయ్యి పెట్టడమే కొత్త. వాళ్లకి టర్బోలో ఒకే తెర. ఎఫ్2 కొడితే సేవ్, కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఆల్ట్ ఎఫ్5 కొడితే అవుట్‌పుట్. ఫోల్డరు, ప్రాజెక్టు, టెర్మినల్, పాత్ అన్న గొడవ లేదు. మొదటి గంటలోనే తన పేరు తెరమీద చూసుకుంటాడు. ఆ గంటలో పోగొట్టుకున్న పిల్లాణ్ని మళ్లీ పట్టుకోవడం ఎంత కష్టమో తరగతిలో నిలబడినవాళ్లకి తెలుసు.

మీరు చెప్పినట్టు ఎస్‌టీడీ::సీఅవుట్ అని బోర్డు మీద రాస్తే మొదటి ప్రశ్న "ఆ నాలుగు చుక్కలేమిటి సార్?" అని. ఫంక్షన్ అంటే తెలియనివాడికి, పేరు ఎక్కడిదో చెప్పే ఆ గుర్తు గురించి, స్కోప్ రిజల్యూషన్ గురించి ఏమని చెప్పను? "ఇప్పటికి ఇలా రాసెయ్" అనాలి. పాత పద్ధతిలో అలా అనాల్సినవి తక్కువ.

ఇంకోటి, గ్రాఫిక్స్.హెచ్. సర్కిల్, లైన్ రాసి బొమ్మ గీసిన రోజు క్లాసంతా భోజనానికి కూడా లేవదు. జీ++తో పాటు అది రాదు. ఇక రికార్డు, పుస్తకం, ఎక్స్‌టర్నల్‌గా వచ్చే మాస్టారు, అందరూ అదే రూపానికి అలవాటు పడ్డారు. హెడర్ పేరు మారితే ఫర్ లూప్ మారిపోదు కదమ్మా.

చీపురుపల్లి:

నమస్కారం మాస్టారూ. చివరి వాక్యం ఒక్కటీ ఒప్పుకోలేను, ఎందుకంటే ఫర్ లూపే మారింది. టర్బోలో ఫర్ బ్రాకెట్‌లో ఇంట్ ఐ అని ప్రకటిస్తే లూప్ అయ్యాక కూడా ఐ బతికే ఉంటుంది. కింద ఇంకో ఫర్‌లో మళ్లీ ఇంట్ ఐ అంటే రెండోసారి ప్రకటించావని తప్పు చూపిస్తుంది. ప్రమాణం ప్రకారం ఆ ఐ లూప్‌తోనే పోవాలి. టర్బోలో నడిచిన కోడ్ జీ++లో ఆగుతుంది, జీ++లో నడిచింది టర్బోలో ఆగుతుంది.

ఈ హెడర్ల కథ చాలామందికి సగమే తెలుసు కాబట్టి చెప్తాను. నేమ్‌స్పేస్‌లు భాషలోకి వచ్చాక లైబ్రరీ పేర్లన్నిటినీ ఎస్‌టీడీలో పెట్టాలని కమిటీ నిర్ణయించింది. ఐఓస్ట్రీమ్.హెచ్ అన్న పాత పేరు కిందే ఆ మార్పు చేసి ఉంటే అప్పటిదాకా రాసిన ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా విరిగిపోయేవి. అందుకని .హెచ్ లేని కొత్త పేర్లు పెట్టారు. పాతవాటిని కంపైలర్లవాళ్లు కొన్నాళ్లు సౌకర్యం కోసం ఉంచుకున్నారు, అంతే.

ఆ కొన్నాళ్లు అందరికీ ఒకేసారి ముగియలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. జీసీసీ (జీ++ అందులోదే) 2.95లో ఎస్‌టీడీ:: రాసినా రాయకపోయినా ఒకటే, దాన్ని పట్టించుకునేది కాదు. 2001లో వచ్చిన జీసీసీ 3.0 నుంచి పట్టించుకోవడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 6.0లో కొత్త పేరున్న హెడర్ <సీఎస్‌టీడీఐఓ> ఉన్నా పేర్లు ఎస్‌టీడీలోకి వెళ్లేవి కావు. విజువల్ సీ++ 2003లో ఐఓస్ట్రీమ్.హెచ్ తీసేశారు. జీసీసీ 4.3లో, అంటే 2008లో, అక్కడా పోయింది. మన ఊళ్లలో సీడీల్లో చేతులు మారిన దేవ్ సీ++ 4.9.9.2 ఉంది చూడండి, దాని లోపలున్నది జీసీసీ 3.4.2. అందులో ఐఓస్ట్రీమ్.హెచ్ ఒక హెచ్చరిక చూపించి నడిచేది. అందుకే "మా దగ్గర నడుస్తోంది, నీ దగ్గర ఎందుకు నడవదు" అన్న వాదనలు ఇన్నేళ్లు సాగాయి. ఇద్దరూ నిజమే చెప్పేవారు.

ఇక నాలుగు చుక్కల సంగతి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ క్లాసులోనైనా "అప్పలనాయుడూ" అని పిలవండి, ఇద్దరు ముగ్గురు లేస్తారు. హాజరు పట్టీలో ఇంటిపేరు ఉంటుంది గనక గొడవ లేదు. ఎస్‌టీడీ అంటే లైబ్రరీ ఇంటిపేరు. ఫంక్షన్ తెలియకపోయినా ఇది తెలుస్తుంది మాస్టారూ.

నరసన్నపేట సెకండియర్:

అక్కా, అన్నా, మాస్టారూ, నాదొక సందేహం. మా ల్యాబ్‌లో టర్బో బదులు కోడ్‌బ్లాక్స్ ఉంది. పైన యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ; అని పెట్టమన్నారు, పెట్టేస్తాను. నిన్న మెయిన్ బయట ఇంట్ కౌంట్ అని పెట్టుకున్నాను. "రిఫరెన్స్ టు కౌంట్ ఈజ్ యాంబిగ్యుయస్" అంది. ఏటిది? కౌంట్ నాది కదా! లోపల పెడితే నడిచిపోనాది. ఎందుకలగ?

ఇంకోటి. స్ట్రింగ్.హెచ్, సీస్ట్రింగ్, స్ట్రింగ్ మూడూ ఒకటేనా? సీనియర్లు ఇవేవీ వద్దు, అన్నీ ఒకేసారి తెచ్చే బిట్స్/ఎస్‌టీడీసీ++.హెచ్ పెట్టీ అన్నారు.

టెక్కలి అక్క:

తమ్ముడూ, నీ సందేహంలోనే నా వాదన సగం ఉంది. <అల్గోరిథమ్>లో కౌంట్ అని ఒక ఫంక్షన్ ఉంది, పూర్తి పేరు ఎస్‌టీడీ::కౌంట్. యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ; అనగానే అదీ బయటికొచ్చి నీ కౌంట్ పక్కన నిలబడింది. ఏది కావాలో కంపైలర్‌కి తెలీదు. మెయిన్ లోపల పెడితే దగ్గరున్నది ముందు దొరుకుతుంది, అందుకే నడిచింది. కొత్త ప్రమాణాలు వస్తున్నకొద్దీ ఇది పెరుగుతుంది. సీ++17లో ఎస్‌టీడీ::సైజ్, ఎస్‌టీడీ::డేటా, ఎస్‌టీడీ::బైట్ వచ్చాయి. డేటా అని అర్రే పేరు పెట్టుకోని పిల్లలుంటారా? నువ్వు ఏ తప్పూ రాయకుండానే, కంపైలర్ వెర్షన్ మారినందుకు నీ ప్రోగ్రాము ఆగుతుంది.

స్ట్రింగ్.హెచ్‌లో స్ట్ర్‌లెన్, స్ట్ర్‌కాపీ లాంటి సీ ఫంక్షన్లు. <సీస్ట్రింగ్> అంటే అవే, ఎస్‌టీడీలో. <స్ట్రింగ్> పూర్తిగా వేరు, ఎస్‌టీడీ::స్ట్రింగ్ క్లాసు అక్కడుంటుంది. టర్బోలో ఈ మూడోది లేనే లేదు. అందుకే మన పిల్లలు చార్ నేమ్[20] దాటి బయటికి రారు.

బిట్స్ హెడర్ జీసీసీ లోపలి సరుకు. విజువల్ సీ++తో రాదు. దాన్ని నమ్ముకుంటే నాకు ఇప్పుడు ఐఓస్ట్రీమ్.హెచ్ మీదున్న ఫిర్యాదే నీకు రేపు వస్తుంది.

రాజాం కోడర్:

అక్క మరీ గట్టిగా పట్టుకుంటున్నారు. కోడింగ్ పోటీలో ఒకటే ఫైలు, రెండు గంటలు, జీ++ అని ముందే తెలుసు. అక్కడ యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ; పెడితే ఎవరికీ నష్టం లేదు. సీ++ని తయారుచేసిన స్ట్రౌస్ట్రప్ వాళ్ల మార్గదర్శకాలు, కోర్ గైడ్‌లైన్స్, కూడా గట్టిగా వద్దనేది హెడర్ ఫైల్లో గ్లోబల్‌గా రాయడాన్నే. హెడర్‌లో రాస్తే దాన్ని ఇంక్లూడ్ చేసిన ప్రతివాడి మీదా రుద్దినట్టు. సొంత ప్రోగ్రాము ఫైల్లో, .సీపీపీలో, రాసుకుంటే అది నా ఇష్టం.

చీపురుపల్లి:

పోటీకి సరే. నేర్చుకునే మొదటి సెమిస్టర్‌కి మాత్రం మధ్య దారి ఉంది: మెయిన్ లోపల యూజింగ్ ఎస్‌టీడీ::సీఅవుట్; అని ఒక్క పేరే తెచ్చుకోవడం. కింద అంతా సీఅవుట్ అనే రాయొచ్చు. సీ++23లో ఇంపోర్ట్ ఎస్‌టీడీ; అని ఒక్క లైనుతో లైబ్రరీ మొత్తం తెచ్చుకునే పద్ధతి కూడా వచ్చింది. అయితే పేర్ల ముందు ఎస్‌టీడీ:: అప్పుడూ ఉంటుంది. హెడర్లు పోయినా నేమ్‌స్పేస్ పోదు. మాస్టారు వాయిదా వేస్తున్న పాఠం ఎప్పటికైనా చెప్పాల్సిందే.

ల్యాబ్ మాస్టారు, బొబ్బిలి:

అందరివీ శ్రద్ధగా చదివాను. లూప్ విషయంలో చీపురుపల్లివారిది సరైన మాట. ఇంటిపేరు ఉదాహరణ కూడా పిల్లలకి అందుతుంది.

టర్బోలో 8 ఫ్యాక్టోరియల్ 40320 రావాల్సింది -25216 వస్తుంది, ఇంట్ అక్కడ 16 బిట్లు, 32767 దాటదు. టర్బో తప్పు నేర్పుతోందని దీన్ని చూపించేవాళ్లు ఉన్నారు. నేను ఆ -25216 మీదే పాఠం చెప్తాను. అది చూసిన పిల్లలు డేటా టైప్ పరిధి జన్మలో మరచిపోరు.

టెక్కలి అక్క:

మాస్టారూ, ఆ పాఠం జీ++లోనూ చెప్పొచ్చు. అక్కడ 12 ఫ్యాక్టోరియల్ దాకా సరిగ్గా వస్తుంది, 13 దగ్గర ఇంట్ సరిపోదు. పాఠం అలాగే ఉంటుంది. పరీక్ష రాసే యంత్రం మీద ఏ అంకె దగ్గర తప్పుతుందో కూడా పిల్లాడికి తెలుస్తుంది.

పల్లె పిల్లలన్నారు. వాళ్ల కోసమే నేను అడుగుతున్నాను. విశాఖలోనో హైదరాబాద్‌లోనో చదివే పిల్లాడికి ల్యాబ్‌లో పాతది చెప్పినా ఇంట్లో ల్యాప్‌టాప్, పక్కన కోచింగ్, చెప్పే అన్నయ్య ఉంటారు. ఇచ్ఛాపురం నుంచో సాలూరు నుంచో వచ్చినవాడికి ల్యాబ్ తప్ప ఇంకో చోటు లేదు. అక్కడ చెప్పిందే వాడికి సీ++.

ల్యాబ్ మాస్టారు, బొబ్బిలి:

ఈ మాటకి నా దగ్గర ఎదురు లేదమ్మా.

కానీ ఒక్క ల్యాబ్ మారితే చాలదు. నేను ఇంట్ మెయిన్ అని నేర్పి, ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మాస్టారు పాత పద్ధతి వాయిడ్ మెయిన్ ఏదని మార్కు కోస్తే పిల్లాడే నష్టపోతాడు. ఇంజనీరింగ్‌కి విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, డిగ్రీకి ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ, రెండూ మన దగ్గరే ఉన్నాయి. ప్రాక్టికల్ పరీక్షలో ప్రమాణం ప్రకారం రాసిన ప్రోగ్రాముని ఒప్పుకోవాలని సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ని రాతపూర్వకంగా అడుగుదాం. నేను సంతకం పెడతాను. అది తేలేవరకు నా ల్యాబ్‌లో రెండూ ఉంటాయి. గ్రాఫిక్స్ ప్రోగ్రాములు మాత్రం టర్బోలోనే. వాటికి బదులు అంత సులువైనది చూపించినప్పుడు చూద్దాం.

మాన్యువల్లో ప్రోగ్రాములు ఎవరు మారుస్తారు?

నరసన్నపేట సెకండియర్:

మాస్టారూ, మొదటి యూనిట్‌వి నేను మొదలెట్టీసినాను. హెడర్లు, మెయిన్ మార్చితే చాలామట్టుకు నడుస్తున్నాయి. క్లియర్‌స్క్రీన్, గెట్‌చ్ తీసీసినాను. పాలిండ్రోమ్ దగ్గర ఆగిపోనాది. మాటని తిరగేసే స్ట్ర్‌రెవ్ లేదంటోంది. <సీస్ట్రింగ్> పెట్టాను, అయినా లేదు.

చీపురుపల్లి:

ఉండదు తమ్ముడూ. స్ట్ర్‌రెవ్ సీ ప్రమాణంలోనూ లేదు, సీ++ ప్రమాణంలోనూ లేదు. బోర్లాండ్ తన స్ట్రింగ్.హెచ్‌లో అదనంగా ఇచ్చింది. విండోస్‌లో కొన్నిచోట్ల దొరుకుతుంది, లినక్స్‌లో దొరకదు. ఎస్‌టీడీ::స్ట్రింగ్ తీసుకో, <అల్గోరిథమ్> పెట్టి ఎస్‌టీడీ::రివర్స్(ఎస్.బిగిన్(), ఎస్.ఎండ్()) అని రాయి. ముందు ఒక కాపీ ఉంచుకో, రివర్స్ ఉన్న స్ట్రింగ్‌నే తిప్పేస్తుంది. ఎందుకు మార్చావో రికార్డులో ప్రోగ్రాము పక్కనే ఒక లైను రాసిపెట్టు, ఎక్స్‌టర్నల్ అడిగితే చూపించడానికి.