యునిక్స్ వర్క్‌స్టేషన్‌లో డిఫాల్ట్ రూట్ ఒక్కటి చాలా, రౌటెడ్ (దారులు తనే నేర్చుకునే ప్రోగ్రామ్) కూడా నడపాలా?

రెండో_గేట్‌వే:
మా సబ్‌నెట్‌కి (నెట్‌వర్క్‌లో మా భాగానికి) గేట్‌వేలు, అంటే బయటికి దారిచ్చే రౌటర్లు, రెండున్నాయి. మొదటిది పడిపోతే వర్క్‌స్టేషన్లన్నీ ఆగిపోతున్నాయి, రెండోది పక్కనే బాగా పనిచేస్తున్నా సరే, ఎందుకంటే ప్రతిదాంట్లో డిఫాల్ట్ రూట్ (బయటి ట్రాఫిక్‌ని ఏ గేట్‌వేకి పంపాలో చెప్పేది) చేత్తో రాసి ఉంది. రౌటెడ్ నడిపితే దారి అదే మార్చుకుంటుంది కదా అంటాను నేను. టీమ్‌లో మిగతావాళ్లు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

కన్సోల్:
నేనూ వద్దనే అంటానండీ. వర్క్‌స్టేషన్‌కి తన సబ్‌నెట్ ఏదో, మిగతా ట్రాఫిక్ ఎవరికి అప్పగించాలో తెలిస్తే చాలు. రౌటెడ్ వాడేది రిప్, అంటే రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్. దాని వెర్షన్ 1లో పాస్‌వర్డ్ లాంటిదేదీ లేదు, సెగ్మెంట్‌లో ఏ మెషిన్ అయినా డిఫాల్ట్ నేనేనని బ్రాడ్‌కాస్ట్ చేస్తే మిగతావన్నీ నమ్మేస్తాయి. పైగా రెండు నెట్‌వర్క్ కార్డులుండి, వాటి మధ్య ప్యాకెట్లు ఫార్వర్డ్ చేసే మెషిన్‌లో రౌటెడ్‌ని ఆప్షన్లేమీ ఇవ్వకుండా స్టార్ట్ చేస్తే అది వినడంతో ఆగదు, రూట్లు చెప్పడం కూడా మొదలుపెడుతుంది. మా దగ్గర ఇదే జరిగింది, నెట్‌స్టాట్ -ఆర్‌ఎన్ (రూట్ల పట్టిక చూపే కమాండ్) కొట్టి చూస్తే గేట్‌వే కాలమ్‌లో ఎవరి డెస్క్ కిందో ఉన్న టెస్ట్ మెషిన్ అడ్రస్!

రెండో_గేట్‌వే:
అందుకేగా రౌటెడ్‌కి -క్యూ ఆప్షన్ ఉంది? అది పెడితే వింటుంది, చెప్పదు. చేత్తో రాసిన రూట్ అయితే గేట్‌వే పడ్డప్పుడల్లా ప్రతి మెషిన్‌లో తీసి మళ్లీ పెట్టాలి, అర్ధరాత్రి ఆ పని ఎవరు చేస్తారు?

సబ్‌నెట్:
-క్యూ పెట్టినా తప్పుడు రూట్ వస్తే నమ్మడం అలాగే ఉంటుంది. వేగమూ అంతంతే: రిప్ అప్‌డేట్లు 30 సెకన్లకోసారి, చచ్చిన రూట్ ఎక్స్‌పైర్ కావడానికి 180 సెకన్లు. రౌటర్ డిస్కవరీ (రౌటర్లు తామున్నామని ప్రకటించుకునే పద్ధతి) ఇంకా నిదానం, డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో ఒక ప్రకటన 30 నిమిషాలు చెల్లుతుంది. గేట్‌వేల మధ్య వీఆర్‌ఆర్‌పీ (రౌటర్లు ఒకే అడ్రస్‌ని పంచుకునే ప్రోటోకాల్) పెట్టించండి. వర్చువల్ అడ్రస్ ఒకటే ఉంటుంది, ఒక గేట్‌వే పడితే రెండోది నాలుగు సెకన్లలోపే దాన్ని అందుకుంటుంది, మెషిన్లలో ఏమీ ముట్టుకోనక్కర్లేదు. మీ యునిక్స్ సోలారిస్ 10 లేదా అంతకు పాతది అయితే ఆ అడ్రస్‌ని ఈటీసీ డైరెక్టరీలోని డిఫాల్ట్‌రౌటర్ ఫైల్‌లో రాయండి, ఉత్త రూట్ యాడ్‌తో పెట్టింది రీబూట్ అయితే పోతుంది.

రెండో_గేట్‌వే:
గేట్‌వేలు వేరే టీమ్ చేతిలో ఉన్నాయండీ, చిక్కంతా అక్కడే. వాళ్లు వీఆర్‌ఆర్‌పీకి ఒప్పుకునేదాకా ఒక్క కార్డున్న మెషిన్లలో -క్యూతో నడుపుతాను, సర్వర్ల జోలికి పోను.

కన్సోల్:
అయితే మీ రౌటెడ్‌లో ట్రస్ట్_గేట్‌వే అనే సెట్టింగ్ ఉందేమో చూడండి. ఉంటే ఈటీసీలోని గేట్‌వేస్ ఫైల్‌లో దాంతో మీ రెండు గేట్‌వేల అడ్రస్‌లే రాయండి, ఇంకెవరు చెప్పినా పట్టించుకోదు. అది లేకపోతే మాత్రం నా ఓటు ఇప్పటికీ చేత్తో రాసిన రూట్‌కే.