సావిన్ పండుగకి పిలిచారు. టారో, మూలికల టీ సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పరూ?

కొత్తకాపురం:
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. పక్కింటావిడ పేగన్, అంటే క్రైస్తవానికి ముందటి ప్రకృతి ఆరాధనని పాటించే మనిషి. అక్టోబర్ 31 రాత్రి సావిన్ చేసుకుంటున్నాం, రమ్మని పిలిచింది. పోయినవాళ్ల కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచి కంచం పెడతారట, మాట్లాడకుండా భోంచేస్తారట, తర్వాత టారో (బొమ్మల పేకముక్కలతో జోస్యం) చూస్తారట. ఈమధ్య మనసేం బాగుండట్లేదని నోరు జారానో లేదో, సెయింట్ జాన్స్ వర్ట్ పూలు ఎండబెట్టినవి ఓ సీసాడు చేతిలో పెట్టింది. టీ కాచుకోమంది. "వేల ఏళ్లనాటి మందు, ఏమీ కాదు" అంది. నేను కుంగుబాటుకి డాక్టరు రాసిన సెర్ట్రలిన్ వాడుతున్నా. ఇదంతా నిజంగా అంత పాతదేనా? వెళ్లొచ్చా? టీ తాగొచ్చా?

ఎండుటాకు:
ముందు ఆ సీసా మూత పెట్టెయ్యండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

సెర్ట్రలిన్‌తో ఇది అస్సలు కూడదు. రెండూ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ (నరాల మధ్య కబుర్లు మోసే రసాయనం) శృతి మించుతుంది: వణుకు, చెమటలు, గుండెదడ, మతి స్థిమితం తప్పడం. ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పటికే తాగి ఉంటే ఇవాళే ఫార్మసిస్టుని అడగండి, లేదా అక్కడి ఆరోగ్య సలహా నంబరు 111కి ఫోన్ చెయ్యండి. సెర్ట్రలిన్ మాత్రం మీ అంతట మీరు మానొద్దు. ఇంకో సంగతి: ఈ మొక్క కాలేయంలో మందుల్ని అరగదీసే ఎంజైములని రెచ్చగొడుతుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటివి ఒంట్లో నిలవకుండా పోతాయి. పనిచేయని మొక్కయితే ఇంత గొడవ ఉండేదే కాదు. తేలికపాటి కుంగుబాటుకి ఇది పనిచేస్తుంది కాబట్టే భయం.

మొక్క మీద నాకేం కోపం లేదు, చాలా ఇష్టం కూడా. ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సూదితో పొడిచినట్టు సన్నని చుక్కలు కనబడతాయి. పసుపు మొగ్గని నలిపితే వేళ్లకి ఎర్రగా అంటుకుంటుంది. జూన్ 24, సెయింట్ జాన్ పండుగ నాటికి పూస్తుందని ఆ పేరు. పూర్వం దిష్టి తగలకుండా గుమ్మాలకి కట్టేవాళ్లు. మీరూ గుమ్మానికే కట్టుకోండి.

ఇక పండుగ. సావిన్, ఇంబోల్క్, బెల్టేన్, లూనసా, ఈ నాలుగూ మధ్యయుగాల ఐరిష్ రాతల్లోనే ఉన్నాయి. అయితే వీటికి అయనాలు, విషువత్తులు కలిపి ఎనిమిది పండుగల చక్రంగా చేసింది మాత్రం 1950లలో, విక్కా అనే ఆధునిక పేగన్ మతాన్ని ప్రచారంలోకి తెచ్చిన గెరాల్డ్ గార్డ్‌నర్ మనుషులూ, డ్రూయిడ్ (పాతకాలపు కెల్టిక్ పూజారుల బాట పట్టినవాడు) రాస్ నికల్స్ కలిసి. సెప్టెంబర్ పండుగకి 'మేబన్' అని పేరు పెట్టింది 1970లలో ఒక అమెరికన్, ఏడన్ కెల్లీ. ఆ పేరు వెల్ష్ కథల్లో ఒక కుర్రాడిది, పంటకోతలతో వాడికి సంబంధమే లేదు!

టారో ఇంకా తమాషా. 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో అది పేకాట. ఈజిప్టు పూజారుల రహస్యమని 1781లో కూర్ ద జెబ్లాఁ అనే ఫ్రెంచి పాదిరీ రాసేశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవాడు భూమ్మీద లేడు. ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో.

ఇవన్నీ చెప్పి వెళ్లొద్దంటానని కాదు. శుభ్రంగా వెళ్లండి. పండుగల చక్రం డెబ్బై ఏళ్లదైనా, పేకముక్క జోస్యం చెప్పినా మీకొచ్చే నష్టమేం లేదు. టీ దగ్గరే తేడా.

పేకమేడ:
నేను టారో చూస్తాను. ఎండుటాకు గారు చెప్పింది నిజమే, పేకాటే. అయినా 1909లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన ఆ 78 బొమ్మలు చూడండి. (పెట్టె మీద పేర్లు మాత్రం అచ్చేసిన రైడర్‌దీ, గీయించిన వెయిట్‌దీ, గీసినావిడది కాదు.) 'మరణం' ముక్కలో తెల్లగుర్రం మీద అస్థిపంజరం, కింద పడిపోయిన రాజు, చేతులెత్తి వేడుకుంటున్న బిషప్, వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడు. ఒకరికి మొదట గుర్రం కనిపిస్తుంది, ఇంకొకరికి సూర్యుడు. నేను అక్కణ్ణుంచే మాట మొదలుపెడతాను. ఆరోగ్యం గురించి అడిగితే మాత్రం ముక్కలు కలపను, డాక్టరు దగ్గరికి పంపిస్తాను.

తోటపని:
ఆవిడ కాంఫ్రీ అనే మూలిక ఆకుల టీ ఇచ్చినా వద్దనండి, కాలేయానికి చేటు. పైగా పూత రాకముందు ఫాక్స్‌గ్లవ్ అనే విషపు మొక్క ఆకు దాదాపు అలాగే ఉంటుంది. పొరబడి కాచుకు తాగి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు. 1785లో విదరింగ్ అనే ఇంగ్లిష్ వైద్యుడు నీరువాపుకి మందుగా వివరించి రాసిన మొక్కే ఆ ఫాక్స్‌గ్లవ్, మోతాదు తప్పితే గుండె ఆగుతుంది.

కొత్తకాపురం:
థాంక్సండీ అందరికీ. ఇంకా తాగలేదు, బతికిపోయాను. పండుగకి వెళ్తాను. కానీ సీసా సంగతి ఆవిడకి నొప్పి కలక్కుండా ఎలా చెప్పను?

ఎండుటాకు:
ఉన్నదున్నట్టు చెప్పండి, సెర్ట్రలిన్ వాడుతున్నానని. మూలికలు నిజంగా తెలిసినావిడైతే అర్థం చేసుకుంటుంది. అసలు సీసా చేతిలో పెట్టేముందే, ఏం మందులు వాడుతున్నావని తనే అడగాల్సింది.